అద్దం అవతల ఆగిన కబురు

అనపర్తి దాటాక కాలవ గట్టునే ఉన్న ఒక కోడిపిల్లల హేచరీలో బుల్లిరెడ్డి అనే మేనేజరు ఉండేవాడు. మనిషి చాలా మంచివాడే గానీ, ఏ కబురైనా ముందు తన చెవిన పడాలి, తన చేతి మీదుగానే ఇంకొకరికి చేరాలి అనే యావ ఒకటి ఆయనకి గట్టిగా ఉండేది.

హేచరీ అంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే కథ నడవదు. పెట్ట పొదగాల్సిన గుడ్లను మిషన్లలో పెట్టి పొదిగించే చోటు అది. పెట్టకి మూడు వారాలు పడుతుంది, మిషనుకీ మూడు వారాలే పడుతుంది. ఆ విషయంలో మనిషి తొందర ఏమీ పనిచెయ్యదు. మొదట్లో గుడ్లన్నీ గుడ్ల గదిలో ఉండేవి. పెట్ట ముక్కుతో దొర్లించినట్టే అక్కడి మిషను వాటిని అటూ ఇటూ వంచుతూ ఉండేది. పెంకు పగిలే రోజులు దగ్గరపడగానే వాటిని పిల్లల గదికి మార్చేవారు. పిల్ల బయటపడేది అక్కడే.

గుడ్ల గదిని నూకరత్నం చూసుకునేది. పిల్లల గదిని దావీదు చూసుకునేవాడు. ఇద్దరూ ఒకే కప్పు కింద పని చేస్తున్నా, పని వేళలో ఒకరి మొహం ఒకరు చూసేవారు కాదు. అది అక్కడి కట్టడి. అప్పుడే పుట్టిన పిల్లకి బొడ్డు పచ్చిగా ఉంటుంది. చిటికెడు మురికి తగిలినా తెగులు పట్టుకుంటుంది. అందుకని ఏ గదిలోకి వెళ్లాలన్నా తలస్నానం చేసి, ఆ గది బట్టలు కట్టుకుని, మందునీళ్లలో కాళ్లు ముంచి వెళ్లాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే మళ్లీ స్నానం, మళ్లీ బట్టలు. ఫోన్లు గుమ్మం బయటే. ఫోనుకి స్నానం చేయించలేం కదా.

మరి ఒకరికొకరు ఏదైనా చెప్పుకోవాలంటే ఎలా? అక్కడే వస్తుంది బుల్లిరెడ్డి గొప్పతనం.

రెండు గదుల మధ్య మేనేజరు గది ఉండేది. అటొక అద్దాల కిటికీ, ఇటొక అద్దాల కిటికీ. ముగ్గురి దగ్గరా మూడు పలకలు ఉండేవి, చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుకునేవి లాంటివి. నూకరత్నం తన పలక మీద రాసి అద్దానికి ఆనించేది. బుల్లిరెడ్డి చదివి, కుర్చీలోంచి లేచి, రెండో కిటికీ దగ్గరికి నడిచి, తన పలక మీద రాసి దావీదుకి చూపించేవాడు. అయితే ఉన్నది ఉన్నట్టు రాసేవాడు కాదు. నూకరత్నం "బండి ఇంకా రాలేదు, నిద్రపోతున్నావా" అని రాస్తే, ఆయన "బండి కాస్త త్వరగా పంపగలవా దావీదూ" అని రాసేవాడు. దావీదు "నాకు రెండే చేతులున్నాయని చెప్పండి" అని రాస్తే, ఆయన ఇటు తిరిగి "పంపుతున్నాడు" అని రాసేవాడు.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆయన వల్ల ఆ ఇద్దరి మధ్యా ఎన్నో గొడవలు పుట్టకుండానే పోయాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే తను లేకపోతే హేచరీకి నోరు లేదని నమ్మేవాడు.

ఇలా ఉండగా యజమాని గది గదికీ కంప్యూటరు పెట్టమన్నాడు. ఆ పనికి కాకినాడ నుంచి హైమ అనే అమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుకున్న పిల్ల. మాట చురుకు. టీ వేళకి అందరూ బయట రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. బుల్లిరెడ్డి గ్లాసు పట్టుకుని అడిగాడు.

"అమ్మాయ్, ఈ నెట్‌వర్కు అంటే ఏంటో మాకూ అర్థమయ్యేలా చెప్పు."

"పెద్ద విషయమేం కాదు బాబాయ్ గారూ. రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి దారి ఉంటే అదే నెట్‌వర్కు. ఆ దారి వైరు కావచ్చు, గాలి కావచ్చు."

"అయితే ఇన్నాళ్లూ నేనూ నెట్‌వర్కునే అన్నమాట."

"కాళ్లున్న వైరండి మీరు," అంది నూకరత్నం. దావీదు టీ పొలమారేలా నవ్వాడు.

హైమ చెవిలోంచి ఒక చిన్న గుండీలాంటిది తీసి చూపించింది. "ఇదీ నా ఫోనూ మాట్లాడుకుంటాయండి. మనిషి ఒంటి చుట్టూ ఉండే ఇంత చిన్న నెట్‌వర్కుని పాన్ అంటారు. ఒక ఇంట్లోనో, ఇలాంటి ఒక కాంపౌండులోనో ఉంటే లాన్. మీకు వేసేది అదే. ఊరంతా ఉన్న ఆఫీసుల్ని కలిపితే మాన్. ఊళ్లూ దేశాలూ దాటితే వాన్. అన్నిటికన్నా పెద్ద వాన్ ఇంటర్నెట్టు."

"పాను, లాను, మాను, వాను," అన్నాడు బుల్లిరెడ్డి. "పానులోకి సున్నం కూడా తెచ్చావా అమ్మా?"

"సున్నం కాదు గానీ సుద్దముక్క ఇవ్వండి. మీ పలకా ఇవ్వండి. ఆకారాలు గీసి చూపిస్తాను."

ఆయన పలక ఇచ్చాడు. హైమ ముందు ఒక పొడుగు గీత గీసి, దానికి అటూ ఇటూ చిన్న గీతలు తగిలించింది. "ఇది బస్ పద్ధతి. మన పెద్ద కాలవా, దాని బోదెలూ అనుకోండి. అందరికీ నీళ్లు ఒకే కాలవ నుంచి వెళ్తాయి."

"కాలవకి గండి పడితే?" అన్నాడు దావీదు.

"అందరి చేలూ ఎండుతాయి." తర్వాత ఒక సున్నా చుట్టింది. "ఇది రింగ్. గుండ్రంగా భోజనానికి కూర్చుని పప్పు గిన్నెని పక్కవాడికి అందించుకుంటున్నట్టు. మధ్యలో ఒకడు చెయ్యి కడుక్కోడానికి లేచాడనుకోండి, గిన్నె అక్కడే ఆగుతుంది." ఆ పక్కనే చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ ప్రతి చుక్కతో కలిపింది. "ఇది మెష్. ఊళ్లో వీధుల్లాగ. ఒక వీధికి అడ్డంగా పెళ్లిపందిరి వేశారనుకోండి, మనం ఇంటికి వెళ్లడం మానేస్తామా? ఇంకో వీధిలోంచి వెళ్తాం. అయితే వైరు చాలా పడుతుంది."

చివర్లో నడిమధ్య ఒక డబ్బా గీసి, దాన్నుంచి చుట్టూ గీతలు లాగింది. "ఇది స్టార్. ఇప్పుడు ఎక్కువ చోట్ల వేసేది ఇదే. మధ్యలో స్విచ్ అనే పెట్టె ఉంటుంది. లైటు స్విచ్చు కాదండి. ఎవరి కబురు ఎవరికో చూసి వాళ్లకే అందించే పెట్టె. పాతకాలంలో హబ్ అని ఒకటి ఉండేది. అది ఏ కబురు వచ్చినా అందరికీ కలిపి అరిచి చెప్పేది. ఈ స్విచ్ అలా కాదు. గుమ్మం చూసి ఇచ్చేస్తుంది."

"చదివి ఇస్తుందా?"

"చదవదు. ఎక్కడికి వెళ్లాలో మాత్రమే చూస్తుంది."

"చదవకుండా ఎలా ఇస్తుందమ్మా? అందులో తప్పుంటే?"

"తప్పుంటే తప్పే చేరుతుంది బాబాయ్ గారూ. కానీ చేరుతుంది."

ఆ మాట బుల్లిరెడ్డికి నచ్చలేదు. గ్లాసు కింద పెట్టాడు.

హైమ తన ఆలోచన చెప్పింది. స్విచ్ పెట్టెని బయట వసారా గోడకి పెడతాను, మూడు గదుల వైర్లూ దానికి కలుపుతాను, గుడ్ల గది నుంచి పిల్లల గదికి మాత్రం ఇంకో వైరు నేరుగా వేస్తాను, ఒక దారి చెడినా ఇంకోటి ఉంటుంది అంది.

"వాళ్లిద్దరికీ నేరుగా దారేంటి?" అన్నాడు బుల్లిరెడ్డి. "నేనుండగా?"

"మీరుంటారు బాబాయ్ గారూ. కబుర్లన్నీ మీరూ చూడొచ్చు. కానీ అవి మీకోసం ఆగక్కర్లేదు."

"ఆగాలమ్మా. ఈ హేచరీలో నాకు తెలియకుండా ఈక కూడా కదలదు. వైర్లన్నీ నా గదికే రావాలి. వీళ్లు ఏది పంపుకున్నా ముందు నా కంప్యూటరుకి రావాలి. నేను చూసి, సరే అని నొక్కితేనే అవతలికి వెళ్లాలి. అలా చెయ్యడం కుదురుతుందా, కుదరదా?"

"కుదురుతుంది. కానీ మీరు లేనప్పుడు?"

"నేను లేకపోవడం ఏంటి? వాళ్లనడుగు, నేనెప్పుడైనా సెలవు పెట్టానేమో."

హైమ నూకరత్నం వంక చూసింది. నూకరత్నం దావీదు వంక చూసింది. దావీదు తన గ్లాసులోకి చూసుకున్నాడు. మేనేజరుగారి మాట కాదనే పని అక్కడ ఎవరిదీ కాదు. హైమ ఆయన చెప్పినట్టే చేసి పెట్టింది. వెళ్లేముందు మాత్రం ఆయన కంప్యూటరు తెర మీద ఒక మూల చిన్న గడి చూపించింది.

"ఇక్కడ టిక్కు పెడితే కబుర్లు మీకోసం ఆగకుండా నేరుగా వెళ్లిపోతాయి. మీరు గది దాటేటప్పుడల్లా ఇది నొక్కి వెళ్లండి బాబాయ్ గారూ. మర్చిపోకండి."

"అలాగేలే," అన్నాడాయన.

కొన్నాళ్లు అంతా బాగానే జరిగింది. పలకలు అటక ఎక్కాయి. దావీదు "వేడినీళ్లు అయిపోయాయి" అని కంప్యూటరులో కొడితే, ముందు బుల్లిరెడ్డి తెర మీద ఎర్రదీపం మినుకుమినుకుమనేది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, సరే అని నొక్కేవాడు. అప్పుడు నూకరత్నానికి చేరేది. కుర్చీలోంచి లేవాల్సిన పని కూడా తప్పింది. ఆయన ఆనందం చెప్పనలవి కాదు.

"దావీదుకి తుమ్మొచ్చినా రెడ్డిగారు సరే అనాలి," అనేది నూకరత్నం టీ వేళల్లో.

"అనకపోతే లోపలే ఉంచుకుంటాను," అనేవాడు దావీదు.

ఆ ఎండాకాలంలోనే సోములమ్మ వచ్చింది. ఆవిడది గోదావరి పక్కన కొండ మీద గూడెం. నెత్తిన వెదురుబుట్ట, బుట్టలో గడ్డి, గడ్డిలో గుడ్లు. బుట్ట దించి కథంతా చెప్పింది. వరదకి కింది గూడెం మునిగిపోయిందట. కోళ్లన్నీ కొట్టుకుపోయాయట. తను మాత్రం నాలుగు పెట్టల్నీ ఒక నల్ల పుంజునీ చంకనేసుకుని కొండెక్కిందట.

"మా తాతల నాటి జాతి బాబూ. నల్లగా ఉంటది, మెడ మాత్రం ఎర్రగా నిగనిగలాడతది. దాని కూత మూడు కొండల అవతలికి వినపడతది. మా గూడేనికి గడియారం అదే. మొన్న చలికి అది మంచాన పడ్డట్టు మూల కూర్చుండిపోయింది. మళ్లీ తేరుకోలేదు, వారం కిందటే పోయింది. ఇవి దానివల్ల పడ్డ ఆఖరి గుడ్లు. పెట్టలు ముసలివైపోయాయి, పొదగలేకపోతన్నాయి. నీ దగ్గర మిషన్లున్నాయంట కదా. ఇందులో ఒక్క పుంజుపిల్ల పుట్టినా చాలు బాబూ. నాకింకేం వద్దు."

బయటి గుడ్లు లోపల పెట్టడం హేచరీలో మామూలుగా జరగదు. కానీ బుల్లిరెడ్డి మనసు కరిగింది. యజమానితో మాట్లాడి ఒప్పించాడు. గుడ్లను మందు పొగలో ఉంచి శుభ్రం చేయించి, మంచి మిషనులో మంచి అరలో పెట్టించాడు.

"గుడ్లు పగిలే రోజున రా సోములమ్మా. నేనే బస్సు దగ్గరికొచ్చి తీసుకొస్తాను. నా చేత్తోనే నీ బుట్టలో పెడతాను," అన్నాడు.

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మూడు వారాలూ రోజూ అద్దంలోంచి ఆ అర వైపు చూసుకున్నాడు. నూకరత్నం దీపం వెలుగుకి గుడ్డు పెట్టి చూసి, లోపల గుండె కొట్టుకుంటోందని కొడితే, ఆ కబురుని ఆయన ఒకటికి రెండుసార్లు చదువుకుని గానీ దావీదుకి పంపలేదు.

ఆ రోజు ఆదివారం. గుడ్లు పిల్లల గదికి చేరిపోయాయి. కొన్నిటి పెంకు మీద నెర్రె కనిపించింది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి నుంచి కీచు కీచుమని వినిపించింది. గుడ్లు పగిలే పొద్దు కాబట్టి దావీదు చర్చికి కూడా వెళ్లలేదు. కూలీలకి సెలవు. ఈ ముగ్గురూ, గేటు దగ్గర వాచ్‌మనూ తప్ప ఇంకెవరూ లేరు.

పొద్దెక్కాక బుల్లిరెడ్డి బస్సుకి బయల్దేరాడు. కండువా వేసుకున్నాడు. మొలతాడుకి తాళాలు ఉన్నాయో లేదో తడుముకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు. హైమ చెప్పిన గడి గుర్తొచ్చింది. వెనక్కొచ్చి మౌసు మీద చెయ్యి వేశాడు.

చెయ్యి వేశాడు గానీ నొక్కలేదు. ఒక ఆలోచన అడ్డం వచ్చింది. ఇప్పుడిది నొక్కితే, మొదటి పిల్ల బయటపడిన కబురు దావీదు నేరుగా నూకరత్నానికి చెప్పేస్తాడు. తను సోములమ్మతో తిరిగొచ్చేసరికి అది పాత కబురైపోతుంది. ఇన్నాళ్లు కాచుకున్న కబురు, ఆఖరికి తనే అందరికన్నా వెనక వినాలా?

"గంటలో వచ్చేస్తాను కదా," అనుకున్నాడు. గదికి తాళం వేసి వెళ్లిపోయాడు.

బస్సు ఆలస్యమైంది. ఆదివారం బస్సుల సంగతి మీకు తెలిసిందే. ఆయన స్టాండులో నిలబడి, గోలీసోడా తాగి, తెలిసినవాళ్లందరికీ నల్ల పుంజు కథ చెప్పాడు.

ఇక్కడ పిల్లల గదిలో మిషను చల్లబడటం మానేసింది. ఆఖరి రోజుల్లో గుడ్డులోని పిల్లలే వేడి పుట్టిస్తాయి. ఆ వేడిని తగ్గించడానికి మిషను చుట్టూ చల్లనీళ్లు తిరుగుతూ ఉండాలి. మొదటి ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. రెండో ట్యాంకు నిండుగానే ఉంది. వాల్వు ఒకటి తిప్పితే చాలు, ఆ నీళ్లు వచ్చేస్తాయి. ఆ వాల్వు గుడ్ల గది గోడకి ఉంది. గుడ్ల గది మిషన్ల నీటి గొట్టం వేరు కాబట్టి నూకరత్నానికి ఏ తేడా తెలియలేదు. ఆవిడ పాట పాడుకుంటూ గుడ్లు సర్దుకుంటోంది.

దావీదు వేడి పెరగడం చూశాడు. వెంటనే కంప్యూటరు దగ్గరికి వెళ్లి కొట్టాడు. "నీళ్లు ఆగిపోయాయి. రెండో ట్యాంకు వాల్వు తిప్పు."

తెర మీద జవాబు వచ్చింది. "మీ కబురు మేనేజరు గారి దగ్గర ఉంది."

దావీదు స్థిమితపడ్డాడు. ఆయన దగ్గర ఉంటే ఇంకేం, పంపేస్తారు అనుకున్నాడు. ఇన్నేళ్లూ అలాగే జరిగింది మరి. కాసేపు చూశాడు. వేడి దిగలేదు. ఇంకోసారి కొట్టాడు. అదే జవాబు వచ్చింది. అద్దం దగ్గరికి వెళ్లి చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ ముందు తెర మీద ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది. దాని కింద తన మాటలే, తను కొట్టినవి కొట్టినట్టుగా కనిపిస్తున్నాయి. చెయ్యి చాపితే అందేటంత దగ్గర, మధ్యలో అద్దం. ఆ గది దాటితే రెండో అద్దం. దాని అవతల వీపు తిప్పి నిలబడ్డ నూకరత్నం. అద్దం మీద కొట్టాడు. ఫ్యాన్ల హోరులో ఆవిడకి వినపడలేదు.

మిషను తలుపు తెరిస్తే వేడి తగ్గుతుంది. కానీ తేమ పోతుంది. తేమ పోతే పిల్ల సగం పగిలిన పెంకుకే అతుక్కుపోతుంది. తలుపు మూస్తే ఉడికిపోతుంది. దావీదు కాసేపు తెరిచాడు, కాసేపు మూశాడు. అట్టముక్కతో విసిరాడు. బయటికి పరిగెత్తుదామా అంటే, తిరిగి లోపలికి రావాలంటే స్నానం చెయ్యాలి, బట్టలు మార్చాలి. అంతసేపూ పిల్లల్ని వదిలెయ్యాలి. అదీ కాక రెడ్డిగారు ఈ పాటికి వచ్చేస్తూ ఉంటారు అనుకున్నాడు. అలా అనుకుంటూనే చాలా సేపు గడిచిపోయింది.

చివరికి ఉండబట్టలేక పరిగెత్తాడు. వసారా చుట్టూ తిరిగి గుడ్ల గది తలుపు తోసుకుని, స్నానం లేకుండా, ఆ బట్టలతోనే, మందునీళ్లు కూడా తొక్కకుండా లోపలికి దూసుకుపోయాడు. ఆ హేచరీలో అలా ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు.

"ఏవయ్యా, నీకు మతిగానీ పోయిందా? ఒళ్లు కడుక్కోకుండా ఇదేం రావడం?" అంది నూకరత్నం.

"వాల్వు తిప్పు నూకరత్నం. ముందు అది తిప్పు."

ఆవిడ వెళ్లి వాల్వు తిప్పింది. చేతిని ఒక్కసారి తిప్పితే అయిపోయే పని అది. గొట్టంలో నీళ్లు గలగలమన్నాయి. నూకరత్నం చెయ్యి ఇంకా వాల్వు మీదే ఉంది. దావీదు మొహం చూసి, మెల్లగా అడిగింది. "ఎంతసేపయింది నీళ్లాగి?"

దావీదు అప్పటికే పిల్లల గది వైపు పరిగెత్తాడు.

బుల్లిరెడ్డి, సోములమ్మ ఆటో దిగి నవ్వుకుంటూ వచ్చారు. "ఈ పాటికి కీచు కీచుమని ఇల్లు పీకి పందిరి వేస్తూ ఉంటాయి నీ మనవలు," అంటున్నాడాయన. సోములమ్మ బుట్టలో కొత్త గడ్డి పరుచుకుని తెచ్చింది.

వసారాలో తడితల ఆరకుండా దావీదు నిలబడి ఉన్నాడు. మళ్లీ స్నానం చేసి లోపలికి వెళ్లి, చూడాల్సింది చూసి బయటికొచ్చాడు. పక్కనే మెట్టు మీద నూకరత్నం కూర్చుని ఉంది. పని వేళలో ఆ ఇద్దర్నీ ఒక చోట చూడగానే బుల్లిరెడ్డి నవ్వు ఆగిపోయింది.

"ఏమైంది?"

"మీకు పంపానండి," అన్నాడు దావీదు.

బుల్లిరెడ్డి తాళం తీసి తన గదిలోకి వెళ్లాడు. తెర మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కబుర్లు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. "నీళ్లు ఆగిపోయాయి. రెండో ట్యాంకు వాల్వు తిప్పు." "నూకరత్నం, వాల్వు." "రెడ్డిగారూ, ఉన్నారా అండి." ఆఖరిది ఒకే ఒక్క మాట. "రెడ్డిగారూ."

ఆయన కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అన్నీ చదివాడు. మూలనున్న గడి ఖాళీగా ఉంది. పొద్దున చెయ్యి వేసిన మౌసు అక్కడే ఉంది.

బతికిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిషను అడుగు అరలో, గాలి కాస్త ఎక్కువ తగిలే చోట ఉన్నవి. తక్కినవి పెంకులోనే ఉండిపోయాయి. కొన్ని ముక్కు బయటపెట్టి ఆగిపోయాయి. బుల్లిరెడ్డి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, బతికిన వాటిని తన చేత్తోనే తెచ్చి సోములమ్మ బుట్టలో పెట్టాడు. ఇచ్చిన మాట ప్రకారం చేసింది ఆ ఒక్క పనే. గడ్డి పక్క చాలా ఖాళీగా కనిపించింది.

"నా వల్లే పోయాయి సోములమ్మా," అన్నాడు.

ఆవిడ పిల్లల్ని ఒక్కొక్కటిగా ముట్టుకుని చూసింది. అన్నీ నల్లగానే ఉన్నాయి. "ఇందులో పుంజు ఉందా బాబూ?"

"ఇప్పుడే తెలీదమ్మా," అన్నాడు దావీదు. "నాటుజాతికి నెల దాటాలి. తురాయి ఎర్రబడాలి."

"అయితే ఆశ ఉంది," అంది సోములమ్మ. బుట్ట ఎత్తుకుంది.

ఆ మాటే బుల్లిరెడ్డిని పట్టుకుంది. మర్నాడే హైమకి కబురు చేసి పిలిపించాడు. స్విచ్ పెట్టెని వసారా గోడకి మార్పించాడు. రెండు గదుల మధ్యా నేరుగా వైరు వేయించాడు. సరే అని నొక్కే పని అసలు తీసేయించాడు. హైమ ఒక్క మాట కూడా దెప్పలేదు. పని ముగించుకుని వెళ్లేటప్పుడు మాత్రం, "ఆ రోజు నేనింకా గట్టిగా చెప్పాల్సింది బాబాయ్ గారూ," అంది.

"నువ్వు చెప్పావమ్మా. నాకే చేరలేదు," అన్నాడాయన.

ఆ తర్వాత కబుర్లు ఆయన తెర పక్కనుంచి గబగబా పోయేవి. దావీదు, నూకరత్నం నేరుగా దెబ్బలాడుకునేవారు, నేరుగానే సర్దుకునేవారు. హేచరీకి ఏమీ కాలేదు. ఆయన అనుకున్నంత గొడవ ఎప్పుడూ జరగలేదు. అది చూసి ఆయన ఇంకా బాధపడ్డాడు.

వానలు తగ్గాక బుల్లిరెడ్డి మొదటిసారి సెలవు పెట్టాడు. బస్సెక్కి, పడవెక్కి, సోములమ్మ గూడేనికి వెళ్లాడు. రాత్రి ఆమె వసారాలోనే పడుకున్నాడు. తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. కదలకుండా చెవులు రిక్కించి పడుకున్నాడు. కొండల మీద మంచు తెరలు తెరలుగా ఉంది. ఎక్కడో కాకి అరిచింది. ఇంకేం వినపడలేదు.

సోములమ్మ పొయ్యి రాజేస్తోంది. గంప ఎత్తగానే నల్లని కోళ్లు బయటికొచ్చి గింజలు ఏరుకోవడం మొదలుపెట్టాయి. నిగనిగలాడుతూ ఏపుగా ఎదిగాయి. బుల్లిరెడ్డి ఒక్కోదాని తల చూశాడు. అన్నిటి తురాయిలూ చిన్నవిగా, లేతగా ఉన్నాయి. అన్నీ పెట్టలే.

ఆయన అడగకుండానే సోములమ్మ చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు.

"లేపేవాడు లేడు బాబూ. మేమే లేస్తన్నాం."

బుల్లిరెడ్డి తిరుగు ప్రయాణంలో పడవ అంచునే కూర్చుని వచ్చాడు. హేచరీకి వచ్చాక అటక మీది మూడు పలకల్లో తనది దించి, తుడిచి, గోడకి తగిలించుకున్నాడు. దాని మీద ఏమీ రాయలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే నల్ల పుంజు కథ మొదటి నుంచీ చెప్పేవాడు, తన తప్పు ఒక్కటీ దాచకుండా.

నీతి: నలుగురి మధ్య చోటు దొరికినవాడు కబుర్లు దాటిపోయే దారిగా ఉండాలి గానీ వాటిని ఆపే తలుపుగా ఉండకూడదు; అందరూ నా మీదుగానే వెళ్లాలని పట్టుబట్టేవాడు, తను లేని పూట అందరి దారీ మూసేసినవాడవుతాడు.